తెల్ల కర్ర పంచిన రోజు

ఆన్‌లైన్ ఆటల్లో పరిచయమైనవాళ్ళని ప్రాణస్నేహితులు అనే మనుషుల్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నేనూ రెండేళ్ళు అదే మాట అన్నాను కనక ఇంకొంచెం ఎక్కువ మండుతుంది.

కర్నూల్లో మాకు ఎరువుల కొట్టు. సాయంత్రం ఆరుకల్లా దాన్ని తమ్ముడికి అప్పజెప్పి కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి. మా జట్టులో పదిమంది. అందరం కలిసి ఒక పెద్ద రాక్షసుణ్ణి కూల్చాలి, దాన్నే రెయిడ్ అంటారు. ఒకడు డాలు పట్టుకుని దెబ్బలు కాస్తాడు, ఒకడు అందరికీ వైద్యం చేస్తాడు, మిగతావాళ్ళు కొడతారు. జట్టుకు పెద్దని నేనే. కొట్లో గుమస్తా నా మాట వినడు గానీ, ఇక్కడ తొమ్మిదిమంది నా నోటికి జడిసేవాళ్ళు. ఆ రుచి మరిగాను.

వైద్యం చేసేది కడపలో దర్జీ పని చేసే భాయ్. నాకన్నా పదేళ్ళు పెద్ద. మొహం ఎప్పుడూ చూళ్ళేదు, గొంతే తెలుసు. ఆట మొదలయ్యేదాకా ఆ గొంతు వెనక కుట్టుమిషన్ చప్పుడు వినబడేది. గెలిస్తే కొట్టినవాడు మొనగాడు, ఓడితే వైద్యుడు నిద్రపోతున్నాడని తిట్లు. వద్దన్నా పోయి మంటల్లో నిలబడి చచ్చినవాడు కూడా భాయ్‌నే తిట్టేవాడు. "సరేప్పా, ఇంగోసారి చూస్తాం" అనేవాడాయన.

ఆయన ఆశపడింది ఒక్కదానికే. ఎన్నిసార్లు చంపినా మళ్ళీ పుట్టే ఆ రాక్షసుడు చస్తే ఎప్పుడో ఒకసారి తెల్ల కర్ర ఒకటి దొరుకుతుంది, దానితో వైద్యం రెట్టింపు పనిచేస్తుంది. అయిదు నెలలు ఎదురుచూశాడు. వస్తే నీకేనని నేనే మాటిచ్చాను.

అది రంజాన్ నెల. ఆ సాయంత్రం రాక్షసుడి ప్రాణం సగానికి వచ్చేసరికి భాయ్ మైకులో మసీదు సైరన్ వినిపించింది.

"అప్పా, రోజా ఇడిసే టైమైంది. ఖర్జూరం ఈడనే ఉండాది, చెయ్యి తీసేదానికి లేదు" అన్నాడు.

"ఇప్పుడు చెయ్యి తీస్తే అందరం చస్తాం భాయ్. ఓర్చుకో" అన్నాను.

ఓర్చుకున్నాడు. తెల్లవారుజాము నుంచి గుక్కెడు నీళ్ళు తాగని మనిషి ఇంకో పావుగంట మమ్మల్ని బతికించాడు. రాక్షసుడు కూలాడు. "నీళ్ళు తాగి, నమాజు చేసుకోని వస్తాప్పా" అని ఆయన అటు లేచాడు, ఇటు కర్ర వచ్చింది.

జట్టులోకి కొత్తగా హైదరాబాదు నుంచి ఒకడు చేరి ఉన్నాడు. ప్రతి పోరాటం తర్వాత ఎవడెంత కొట్టాడో పట్టీ తీసి, తన పేరు పైనుందని అందరికీ చూపించే రకం. ఆ కర్రతో దెబ్బ బలం కూడా పెరుగుతుంది కనక అది వాడికీ పనికొస్తుంది. "నాకియ్యకపోతే రేపటి సంది రాను. పంచేటప్పుడు లేనోడికి వాటా లేదని రూల్ పెట్టింది నువ్వే కదన్నా" అన్నాడు.

పెట్టింది నేనే. సగంలో లేచిపోయేవాళ్ళ కోసం పెట్టాను, భాయ్ కోసం కాదు. ఆ సంగతి నాకు తెలుసు, తక్కిన ఏడుగురికీ తెలుసు. ఒక్కడూ నోరు విప్పలేదు. బాగా కొట్టేవాడు పోతాడేమోనని నాకు భయం, వైద్యం చేసేవాడు ఎక్కడికి పోతాడులే అని ధీమా. కర్ర వాడి చేతిలో పెట్టాను.

భాయ్ తిరిగొచ్చి, "ఏమన్నా వచ్చిందా అప్పా?" అన్నాడు.

"ఏం రాలేదు భాయ్" అన్నాను.

తెరమీద కొత్తవాడు ఆ కర్ర పట్టుకుని ఆయన ఎదురుగానే నిలబడి ఉన్నాడు. చెప్పేముందు అది కూడా నాకు తట్టలేదు. భాయ్ "సరేప్పా" అన్నాడు. ఆ సాయంత్రం ఇంకో రెండు పోరాటాల్లో మా అందరికీ, వాడితో సహా, వైద్యం చేసి వెళ్ళాడు. మర్నాటి నుంచి రాలేదు. పదిరోజులకు కొత్తవాడు కర్రతో ఇంకో జట్టుకు చెక్కేశాడు. మిగిలినవాళ్ళం ఒకళ్ళనొకళ్ళం తిట్టుకుని విడిపోయాం.

కొన్నాళ్ళకు ఒక పెళ్ళికి కడప వెళ్ళి, అడిగి అడిగి ఆయన కొట్టు పట్టుకున్నాను. గొంతు వినగానే గుర్తుపట్టాడు. స్టూలు జరిపాడు, టీ తెప్పించాడు. తిడతాడేమోనని చూశాను, తిడితే బాగుండుననిపించింది. చివరికి నేనే ఎత్తుకుని, అప్పుడు రూలు అట్లుండె భాయ్ అని మొదలుపెట్టాను.

ఆయన గుడ్డ కత్తిరిస్తూ తలెత్తకుండానే అన్నాడు: "కర్ర నువ్వు ఎవురికన్నా ఇచ్చుకోప్పా, అది నీ ఇష్టం. ఇచ్చినానని చెప్పింటే సరే అనుకుందును. నువ్వు ఓర్చుకో అంటివని నోరెండబెట్టుకోని కూసుంటి గదా. నాకు అబద్ధం ఎందుకు చెప్తివి?"

భయపడి చెప్పానని అనబోయి ఆగిపోయాను. ఆయనంటే నాకు భయం ఎప్పుడుంది? నిజం చెప్పాల్సినంత మనిషిగా ఆయన్ని నేను ఏనాడూ లెక్కపెట్టలేదు.