రబ్బరు తగలని మినుము కార్డు

వీధికొక కంప్యూటర్ సెంటర్ వెలుస్తున్న ఆ రోజుల్లో నేను రేపల్లె నుంచి తెనాలికి పొద్దుటి పాసింజరులో వెళ్ళి కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ణి. అప్పట్లో పిల్లలు కుస్తీ వీరుల కార్డులు పోగేసి మార్చుకునేవారు. మన పంటలతో అలాంటి ఆట ఎందుకు ఉండకూడదని నాకు పంతం పట్టుకుంది. ప్రెస్సులో మిగిలిన అట్టముక్కల మీద వరి, పసుపు, మినుము, వరికి పట్టే సుడిదోమ, తుఫాను బొమ్మలు గీసి, మూలన ఒక్కోదాని బలం పెన్సిలుతో వేశాను. కార్డు దించాలంటే నీళ్ళ కార్డులు ఖర్చుపెట్టాలి, ఒక్క మినుముకి తప్ప. ఎవరి కట్ట వారిదే, నచ్చింది ఎదుటివారితో మార్చుకోవచ్చు.

బోగీలో మగవాళ్ళంతా పేకాటలో మునిగి ఉండేవారు. నాతో ఆడటానికి ఒప్పుకున్నది ఒక్కరే, తెనాలి బడిలో లెక్కలు చెప్పే టీచరుగారు. ఆ వేసవికి ఆవిడ రిటైరవుతారు. ఈలోగా బలాలు కుదిరితే అచ్చుకిద్దామని నా ఆశ. అచ్చయ్యాక మార్చడానికి ఉండదు కదా.

అవి కుదిరితేనా! సుడిదోమకి తొమ్మిది వేస్తే వరి వేసినవాడి పని అయిపోయేది. ఆరు చేస్తే పసుపు రెచ్చిపోయేది. పసుపుని తగ్గిస్తే తుఫాను తయారు. ఒకటి సవరిస్తే ఇంకొకటి చెడుతుంటే ఒళ్ళు మండిపోయేది. బాపట్లలో వ్యవసాయం చదివే మా బావకి చూపిస్తే, ఇలా కోస్తూ పోతే చివరికి గడ్డే మిగులుతుందని నవ్వాడు. రెండు వారాలు అతనితో మాట్లాడలేదు.

మార్చిలో ఒకరోజు, వేమూరు దాటాక, టీచరుగారు తుఫానుతో నన్ను మళ్ళీ ఓడించారు. వెంటనే రబ్బరు తీశాను. ఆవిడ ఆ కార్డు నాకివ్వలేదు. తన కట్టలోంచి సుడిదోమ, పసుపు కూడా తీసి ఒళ్ళో బ్యాగు మీద పరిచారు. చెరిపి చెరిపి వాటి మూలలు పల్చబడి వెలుతురు కనబడుతోంది. పక్కనే నేను దించిన మినుము కార్డు పెట్టారు. మార్పుకి ఎన్నిసార్లు అడిగినా నేను వదలని కార్డు అది. మొదటిరోజు వేసిన ఏడు దాని మీద చెక్కుచెదరలేదు.

"నన్ను గెలిపించినవే అరిగిపోయినయ్యి బాబూ. నీళ్ళే అడగని మినుముకి మాత్రం ఒక్కసారి కూడా రబ్బరు తగల్లేదేంటి?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఒప్పుకుంటే సరిపోయేది. ఒప్పుకోలేదు. ఆట తయారుచేసింది మీరా నేనా అనేశాను. ఆవిడ కార్డులు సర్ది నా చేతికిచ్చి, పరీక్ష పేపర్లు తీసి దిద్దుకోసాగారు. మర్నాడూ అంతే. సెలవులిచ్చేదాకా నా ఎదురుగానే కూర్చున్నారు, బాగున్నావా అని పలకరించారు, పేపర్లు దిద్దుకున్నారు.

ఆవిడ అలా అడిగిన రోజు సాయంత్రమే ఇంటికొచ్చి మినుముని నాలుగు చేశాను. ఆ మాట ఆవిడతో చెప్పడానికి నోరు రాలేదు. జూన్ నుంచి ఆ సీటులో వేరేవాళ్ళు కూర్చున్నారు. బలాలు ఇప్పుడు సరిగ్గానే ఉన్నాయనుకుంటాను. కానీ అట్టముక్కలు అచ్చుకి ఇవ్వలేదు. సరిగ్గా ఉన్నాయో లేదో తెలియాలంటే ఎదురుగా ఒక మనిషి కూర్చుని నన్ను ఓడించాలి.