పైపులో మిగిలిన కలుపు మందు

డ్రోను కడగడం మా ఊళ్లో ఎవరి దృష్టిలోనూ పని కాదు. అది ఎగిరేటప్పుడు గట్ల మీద జనం చేరతారు, ఫోన్లు పైకెత్తి వీడియోలు తీసుకుంటారు. ఇంటికొచ్చాక దాని కాళ్ల దగ్గర కూర్చుని, నాజిళ్లు విప్పి పాత పళ్ల బ్రష్షుతో తోమి, జాలీలో ఇరుక్కున్న చెత్త ఊదే మనిషిని చూడ్డానికి ఎవరూ రారు. ఆ మనిషి నేను.

మహిళా సంఘం తరఫున శిక్షణకు పోయి లైసెన్సు తెచ్చుకున్నది నేనే. నా వెంట తిరిగి, చూసి చూసి నేర్చుకున్నవాడు మా ఆయన. లైసెన్సు నాది, ధీమా ఆయనది. తెక్కలకోట చుట్టుపక్కల కాలువ కింది వరి పొలాలకు ఇద్దరం కలిసి పోయి మందు కొట్టేవాళ్లం.

కలుపు మందు కొట్టిన రోజు మాత్రం నా చాదస్తానికి అంతుండేది కాదు. వరిలో గడ్డిని చంపే ఆ మందు వరిని ఏమీ చేయదు. అదే పత్తి మీదో మిరప మీదో కాస్త పడిందంటే ఆకులు మెలికలు తిరిగిపోతాయి. అందుకని ట్యాంకు నిండా నీళ్లు పోసి, పంపు ఆడించి, పైపుల్లోంచి నాజిళ్లలోంచి మొత్తం బయటికి పోనిచ్చేదాన్ని. తర్వాత చాకలి సోడా కలిపిన నీళ్లు, ఆ తర్వాత మళ్లీ మంచినీళ్లు. ఆయనకు ఇదంతా విసుగు.

"పెండ్లికూతురికి నలుగు పెట్టినట్ల పెడతావు దానికి" అనేవాడు.

ఆ వారం బండ్రిలో మా పెద్దమ్మ పోయింది. నేను అక్కడే ఉండిపోయాను. తిరిగొచ్చే బస్సులో ఉండగా మా ఊరి మిరప రైతు ఫోను చేశాడు. రైతని ఇప్పుడంటున్నాను గానీ, అంతకు ముందు ఏడాది దాకా అతను కుడతిని కరెంటు ఫ్యాక్టరీలో బూడిద లారీల దగ్గర కూలీ. ఆ దుమ్ముకు దగ్గు పట్టుకుని ఊరికొచ్చేశాడు. మొదటిసారి కౌలుకు పొలం పట్టి మిరప పెట్టాడు. మొక్క మొక్కా భార్యాభర్తలిద్దరే నాటుకున్నారు. ఈ పైరు పోతే మళ్లీ బూడిదలోకే పోవాలని ఊరందరికీ తెలుసు.

"అక్కా, పురుగు స్వల్ప ఎక్కువుండాదని పొద్దున అన్న వచ్చి ఒక ట్యాంకు కొట్టినాడు. అంతలోకి బ్యాటరీలు అయిపోయినాయంట. మిగిలింది సాయంత్రం కొడతానన్నాడు. నువ్వు వస్తాండావు గదా?" అన్నాడు.

ముందు రోజు ఆయన వరికి కలుపు మందు కొట్టాడు. ఆ పని ఒప్పుకున్నది నేనే. వస్తున్నానని చెప్పి ఫోను పెట్టేశాను. తర్వాత ఊరొచ్చే దాకా బస్సు ఎక్కడెక్కడ ఆగిందో నాకు గుర్తు లేదు.

ఇంటికొచ్చేసరికి డ్రోను వసారాలో ఉంది. పైకి మెరిసిపోతోంది. రెక్కలు కూడా తుడిచాడు. నేను చీర కూడా మార్చుకోకుండా కూర్చుని జాలీ విప్పి వాసన చూశాను. ఏమీ తెలియలేదు. ఈ పనిలో ఉన్నవాళ్ల ముక్కు ఎప్పుడో చచ్చిపోతుంది, అన్నం ముద్దలోనూ మందు వాసనే.

"ఏమయ్యా, నిన్న వరికి కొట్టినాక దీన్ని కడిగినావా?"

"కడిగినా. మూడు తూర్లు."

"పంపు ఆడించినావా?"

"కడిగినానని చెప్తాండా గదా. ఏంది నీ కోర్టు విచారణ?"

ఆయన గొంతు పెంచితే నాకు భయం లేదు. గొంతు పెంచి, చూపు మాత్రం నా మీద నిలపలేదు. అది చూసి భయం వేసింది.

మా నాయన వీపు మీద పంపు మోసి మందు కొట్టిన మనిషి. వరి నుంచి వేరే పైరుకు పోయే ముందు, పంపు కడిగిన ఆఖరి నీళ్లు టమాటా మొక్క మీద చల్లేవాడు. కలుపు మందు అంటే టమాటాకు అస్సలు పడదు. ఏ మాత్రం ఉన్నా తల వేలాడేస్తుంది. మా పెరట్లో నూనె డబ్బాల్లో పెంచుతున్న టమాటాలు రెండు తెచ్చి వసారా నీడలో పెట్టాను. పైపులు ఊడదీసి, వాటిలో మిగిలినది చెంబులోకి దించి, కొంచెం నీళ్లు కలిపి ఒక మొక్క మీద చల్లాను. రెండోదాని మీద ఉత్త నీళ్లు.

"నా మాట కంటే టమాటా చెట్టు మాట ఎక్కువైందా నీకు?" అన్నాడు.

"ఈ పొద్దుకు అంతే."

పొద్దున ఒక ట్యాంకు మందు ఈ పైపుల్లోంచే పోయింది. అంత పోయిన తర్వాత కూడా మొక్కను వంచేంత మిగిలి ఉంటే, ఆ ట్యాంకుతో పాటు మిరప మీద ఎంత పడినట్టు? ఆ లెక్క నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. మిరప రైతుకు ఇప్పుడే చెబుదామన్నాను.

"ఏమీ లేకుండానే వాని గుండె ఆపేస్తావా? సాయంత్రం దాకా చూడు. మొక్క బాగుంటే ఊరికే నవ్వుకుందాం."

ఒప్పుకున్నాను. నిజం చెప్పాలంటే నాక్కూడా ఆ మొక్క బాగుండాలనే ఉంది. మా ఆయన అబద్ధం ఆడలేదని ఆ మొక్క చేత చెప్పించుకోవాలని ఉంది.

బండ్రి నుంచి వచ్చిన అలసటకు నడుము వాల్చాలి. వాల్చలేదు. ఆయన అన్నం ముందు కూర్చుని సగంలో లేచాడు. ఎండ మండిపోతుంటే కొంతసేపటికి రెండు మొక్కలూ వాడాయి. ఆయన ఉత్సాహంగా ముందుకు వంగాడు.

"చూడు, రెండూ వాడినాయి. ఎండకే."

నిజమే. నీడలో పెట్టినా ఆ వేడికి రెండింటి ఆకులూ ఒకేలా వేలాడుతున్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. రెండింటి మొదళ్లలోనూ సమంగా నీళ్లు పోసి, పక్కనే చతికిలబడ్డాను. ఫోను రెండుసార్లు మోగింది. ఎత్తలేదు.

ఎండ వాలాక ఉత్త నీళ్లు చల్లిన మొక్క తేరుకుంది. ఆకులు మామూలుగా విచ్చుకున్నాయి. రెండోది లేవలేదు. వాడిన మొక్క మెత్తగా ఉంటుంది. ఇది మెత్తగా లేదు, ముట్టుకుంటే గట్టిగా ఉంది. కొమ్మలు కిందికి వంగి, చివర్లు పక్కకు మెలి తిరిగి ఉన్నాయి. ఆయన దాన్ని చూసి నన్ను చూశాడు.

"ఉన్న చార్జింగు పొద్దున మిరపకు కావాలని పంపు ఆడించలేదు. ట్యాంకు మట్టుకు బాగా కడిగి ఒంపినా. పైపుల్లో ఏముంటాదిలే అనుకున్నా" అన్నాడు.

నాకు ఆయన్ని కొట్టాలనిపించింది. అంత కోపం మా కాపురంలో ఎప్పుడూ రాలేదు. అంతలోనే బయట బండి చప్పుడైంది. ఫోను ఎత్తడం లేదని మిరప రైతే వచ్చాడు.

"ఏమప్పా, గాలి తగ్గింది, పోదామా?" అని ఆయన్ని అడిగాడు. తర్వాత మా మొహాలు చూశాడు.

నేనే చెప్పాను. రెండు మొక్కలూ చూపించాను. అతను గొంతుక్కూర్చుని, వంగిన కొమ్మను వేలితో పైకెత్తాడు. వదలగానే అది మళ్లీ కిందికి వాలింది. ఒక్క తిట్టు తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది. తిట్టలేదు.

"యాడ నుంచి మొదలు పెట్టినావన్నా?" అని మాత్రం అడిగాడు.

"కాలువ పక్క నుంచి" అన్నాడు మా ఆయన.

పెద్దగా లాభం ఉండదని తెలిసినా చేతి పంపులు అడిగి తెచ్చి, మంచినీళ్లతో ఆ మిరపను కడగడానికి పోయాం. అతని భార్య బిందెలతో కాలువ నీళ్లు మోసింది. నాలో నేను దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. సాలు తర్వాత సాలు తడుపుకుంటూ, కళ్లు కనబడినంతసేపు నడిచాం.

తర్వాతి రోజుల్లో తెలిసింది. చాలా భాగం కొంచెం ముడుచుకుని మెల్లగా కోలుకుంది. డ్రోను మొదట ఎగిరిన కాలువ పక్క సాళ్లు మాత్రం పోయాయి. ఆ మొక్కల చిగుళ్లు తాళ్లలా పురి తిరిగాయి. మిగిలిన పొలం చాలు, కుడతినికి పోనవసరం లేదని అతని భార్య నాతో చెప్పింది. నన్ను ఓదార్చడానికే చెప్పిందని నాకు తెలుసు.

ఆ సాళ్లు పీకేస్తున్నారని విని ఇద్దరం పోయాం. మా ఆయన చెప్పులు గట్టు మీద విడిచి, పంచె ఎగగట్టి సాల్లోకి దిగాడు. మొదటి మొక్క మీద చెయ్యి వేశాడు.

"నువ్వు ముట్టొద్దన్నా" అన్నాడు అతను. గొంతులో కోపం లేదు. "మేం నాటుకున్నవి. మేమే పీక్కుంటాం."

మా ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, పొలంలోంచి బయటికొచ్చి గట్టు మీద నిలబడ్డాడు. వాళ్లిద్దరూ ఆఖరి మొక్క పీకే దాకా మేమక్కడే నిలబడ్డాం.