ఓమా కారు వెల

కొత్తగా జీతం అందుకుంటున్న ఆ రోజుల్లో నాకు లోకంలోని ప్రతి వస్తువు వెలా తెలుసనే ధీమా ఉండేది. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో సైకిల్ తప్ప మరో వాహనం లేని నేను, మా ఇంటి ఓనరమ్మ గరాజ్‌లో దుప్పటి కప్పుకుని పడుకున్న పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు గురించి ఇంటర్నెట్‌లో నాలుగు వీడియోలు చూసి, అది చిన్న ఫ్లాటంత విలువ చేస్తుందని తేల్చేశాను. ఆవిడను మేం ఓమా అనేవాళ్ళం (జర్మన్‌లో అమ్మమ్మ అన్నమాట). ఆ కారు పోయిన భర్తది. ఇంటి పైకప్పు కారుతోంది, బాగుచేయించాలి. నా మాట నమ్మి, కారు అమ్మేద్దామనుకుంది.

"ధర కట్టే ఆయన దగ్గర అపాయింట్‌మెంట్ దొరికింది. పక్క ఊరే. స్టీరింగ్ కుడివైపు ఉంది, నువ్వు హైదరాబాద్‌లో అలాగే నడిపేదానివి కదా! నువ్వే తీసుకెళ్ళాలి," అంది.

మా రూమ్మేట్‌ది వరంగల్. అందరికీ సలహాలిస్తుందని మంత్రి అని పేరు పెట్టాం. "ఏందే, దిమాక్ ఉన్నదా నీకు? దానికి గీత పడ్డదంటే నీ బ్లూకార్డ్ వీసా అమ్మినా సరిపోదు," అని సాగనంపింది.

బయల్దేరాక తెలిసింది, ఇక్కడ రోడ్డుకి కుడిపక్కన పోవాలి గనక నేను కూర్చున్న చోటునుంచి ఎదురుగా వచ్చే బండ్లు కనబడవని. ముందు ట్రాక్టరు. ఓమా మెడ బయటికి చాచి చూసి "పోనీ!" అంటే, నేను కళ్ళు సగం మూసుకుని దాటాను. అంతలో రైలు గేటు వచ్చింది. సరిగ్గా పట్టాల మీద ఇంజను దగ్గి, ఆగిపోయింది. తాళం తిప్పాను. ఉలుకూ పలుకూ లేదు. ఎర్ర దీపం వెలిగింది. గంట మోగసాగింది. మా వెనక గేటు దిగుతోంది; అక్కడి గేట్లు సగం రోడ్డుకే కాబట్టి ముందు దారి తెరిచే ఉంది.

"దిగండి ఓమా! కారు పోతే పోనీ, దిగండి!" అని నేను తెలుగులోనే అరిచాను.

ఆవిడ దిగలేదు. వంగి, కాలి బూటు తీసి, సీటు వెనక నేలమీద ఠపాఠపా బాదింది. "ఇప్పుడు తిప్పు!"

తిప్పాను. ఇంజను గర్జించింది. అవతలికి ఎలా దూకించానో గుర్తులేదు. వెనకనుంచి రైలు గాలి మా ఇద్దరి జుట్టూ చెదరగొట్టింది.

"సీటు వెనక, ఇంజనుకి పెట్రోలు తోడే పంపు మొరాయిస్తుంది," అంది ఆవిడ బూటు వేసుకుంటూ. "మా ఆయన నడిపేవాడు, కొట్టేదాన్ని నేను. పెళ్ళయినప్పటినుంచీ అదే ఒప్పందం."

ధర కట్టే ఆయన కారు చుట్టూ అయస్కాంతం పెట్టి చూశాడు. చాలాచోట్ల అది అతుక్కోకుండా జారి కింద పడింది. "రంగు కింద ఇనుము లేదండీ, పుట్టీ ఉంది. బాగుచేయించే ఖర్చుకి ఇలాంటివి రెండొస్తాయి," అన్నాడు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

ఓమా బానెట్ మీద చెయ్యి వేసింది. "ఈ వేసవికి తిరుగుతుందా?" అని అడిగింది.

"మెల్లగా పోతే తిరుగుతుంది."

"అయితే అమ్మను. పైకప్పు కింద ఇంకో బకెట్ పెడతాను," అని నా వైపు తిరిగింది. "ఆయన పోయాక నా గుండె ఇంత గట్టిగా కొట్టుకోవడం ఇవాళే."

ఆ వేసవంతా ఆదివారాలు కొండదారుల్లో తిరిగాం. (మంత్రికి చోటు లేదు. రెండే సీట్లు.) ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు నా కారు నన్నడగకుండానే బ్రేకు వేస్తుంది, చప్పుడు చెయ్యదు, ఎక్కడా ఆగిపోదు. వెనక సీట్లోంచి మా అబ్బాయి "లాంగ్‌వైలిష్!" అంటాడు, విసుగ్గా ఉందని. వాడిని కసురుతాను గానీ, అద్దంలో నా మొహమూ అదే అంటుంటుంది.