నాలుగో కాగితం

మా మేడ కింద జిరాక్సు కొట్టు తాత పోయాడని మొన్న పొద్దున పాలు తెచ్చినాయన చెప్పాడు. ఆ తాత మాకు చుట్టం కాదు. ఆయన వల్ల మా ఇంట్లో ఒక పిల్లకి చదవడం వచ్చింది, అందుకే రాస్తున్నాను.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో వరసగా బందులు, బడులు మూత. ఐదో తరగతి చదివే మా మనవరాలు తెలుగు కూడబలుక్కునేది. పక్కన మనిషుంటే అదీ లేదు. బడి తెరిస్తే అందరి ముందూ చదివిస్తారని దానికి బెంగ. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన నేను నీతికథల పుస్తకమిచ్చాను. కరెంటు పోతే దాంతో విసురుకునేది.

తాతది నల్గొండ వైపు. మధ్యాహ్నం దాకా ఎల్బీనగర్ దీక్షా శిబిరంలో కూర్చుని వచ్చి, షట్టరు సగమెత్తి, పాడైన జిరాక్సు కాగితాల వెనక పిల్లలకు దయ్యం కథలు రాసేవాడు. పొట్టి వాక్యాలు, పెద్ద అక్షరాలు. గడ్డిఅన్నారం మార్కెట్లో బత్తాయిలు వాసన చూసే దయ్యం, కోచింగ్ సెంటర్లో ఆఖరి బెంచీ వదలని దయ్యం. కథకి నాలుగు కాగితాలు. మూడు చేతికిచ్చి నాలుగోది సొరుగులో పెట్టేవాడు. మూడూ పైకి చదివి వినిపిస్తేనే నాలుగోది.

"పిల్లలకి దయ్యాలేంటండీ, నాలుగు మంచి మాటలు చెప్పక?" అన్నాను.

"బుద్ధులు చెప్తే బుక్కు మూస్తరు మేడం. భయమైతే పేజీ తిప్పుతరు."

"రాష్ట్రం వస్తే మీ దయ్యాలు ఏ వైపో?"

"కిరాయి కడితే ఏడనైనా ఉండొచ్చు. మీరు కృష్ణా జిల్లా కెల్లి వచ్చి ఉంటలేరా?"



ఒకరోజు మనవరాలు మూడో కాగితం దగ్గర ఆగి ఏడుస్తుంటే, ఆయన టీకి వెళ్లినప్పుడు సొరుగు లాగి నాలుగోది నేనే చదివి వినిపించాను. తిరిగొచ్చి చూసి, "దయ్యాన్ని మీరే సంపిన్రు మేడం. ఇగ పిల్ల దేనికి చదువుతది?" అన్నాడు. మర్నాడు కొత్త కథ రాసిచ్చి, సొరుగుకి తాళం వేశాడు.

ఆ మూడు కాగితాలూ చదవడానికి పిల్లకి రెండ్రోజులు పట్టింది. "నిమ్మళంగ చదువు బిడ్డా. దయ్యం యాడికి పోదు" అంటూ ఆయన వింటూ కూర్చున్నాడు. బడి తెరిచాక క్లాసులో లేచి, ఆగి ఆగి, ఆఖరిదాకా చదివింది.

నిన్న ఆయన భార్య సొరుగు తాళం తీసి, ఎవరూ చదవని కథ ఒకటి, ఇప్పుడు నాకంటే పొడుగైన మా మనవరాలి చేతిలో పెట్టింది. అది నాకు మూడు కాగితాలే ఇచ్చింది.

"నాలుగోదేదే?"

"పైకి చదువు అమ్మమ్మా, ఇస్తాను."

రెండు చదివాను. మూడోదాంట్లో ఒక జిరాక్సు కొట్టు, సగమెత్తిన షట్టరు, లోపల ఎవరో కాగితం తిప్పుతున్న చప్పుడు. చదవడం ఆపి కళ్లజోడు తుడుచుకున్నాను.

మెట్ల మీద కూర్చున్న మనవరాలు నాలుగో కాగితం వీపు వెనక దాచుకుంది.

"నిమ్మళంగా చదువు" అంది. "దయ్యం ఎక్కడికీ పోదు."