కుండకో చెంబు పచ్చినీళ్ళు

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా ముగియని ఒక ఏప్రిల్ నెలలో నన్ను చిత్తూరు నుంచి తిరుపతికి హెల్త్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. మద్రాసులో శానిటరీ కోర్సు ముగించి అప్పటికి ఏడాదే. చేరిన కొద్ది రోజులకే కొండకు నడిచి వెళ్ళే యాత్రికుల్లో కలరా కనిపించింది. హెల్త్ ఆఫీసరు ఉత్తర్వు స్పష్టంగా ఉంది: రోగుల్ని ఊరి బయట ఐసొలేషన్ షెడ్డుకు పంపడం, టీకాలు వేయడం, బావుల్లో వరుసగా మందు కలపడం, కాచిన నీళ్ళు ఇవ్వని చలివేంద్రాలను మూయించడం.

అలిపిరి దారిలో మునెమ్మ చలివేంద్రం ఉండేది. కొడుకు మునుసామి జట్కా తోలేవాడు. కోడలు గౌరమ్మ, ఇద్దరు పిల్లలు. చిన్నప్పుడు మునుసామి జబ్బుపడి బతికినందుకు మొక్కుకుని, ప్రతి వేసవీ ఆమె ఇంటి ముందు పందిరి వేసి యాత్రికులకు నీళ్ళు పోసేది.

"మొక్కు మూసేదానికి నువ్వెవరప్పా? కాగబెట్టమంటే కాగబెడతా. పందిరి మాత్రం ముట్టుకోవద్దు," అంది.

పద్ధతి చెప్పాను. సాయంత్రం నీళ్ళు బాగా మరగాలి. కుండల్లో పోసి మూతపెట్టి గుడ్డ కట్టాలి. చెయ్యి తగలకుండా పొడుగు కాడ గరిటెతో తీయాలి. ఆమె అన్నీ చేసింది. నా తనిఖీలో ఒక్క తప్పూ కనబడలేదు. ఇంట్లోవాళ్ళూ ఆ కుండల నీళ్ళే తాగేవారు.

అయినా గౌరమ్మకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మునుసామి తన జట్కాలోనే ఆమెను షెడ్డుకు తెచ్చాడు. ఒంట్లో నీరంతా పోయినవాళ్ళకు నరంలోకి ఉప్పునీరు ఎక్కించడమే చికిత్స. డాక్టరు అది మొదలుపెట్టి, రేపటిదాకా ఏమీ చెప్పలేనన్నాడు. మునుసామి గుర్రాన్ని విప్పకుండా బయటే నిలబడ్డాడు.

"పిలకాయలు ఇంట్లో ఆ నీళ్ళే తాగతా ఉండారు సార్. తాగమందునా, వద్దందునా?" అని అడిగాడు.

పొద్దున్నే పందిరి దగ్గర చూసి చెబుతానన్నాను.

మర్నాడు తెల్లవారగానే పందిరి దగ్గర కూర్చున్నాను. మునెమ్మ కుండల గుడ్డలు విప్పింది. మందు వంతు ఇంకా రాని పెరటి బావిలో నీళ్ళు చేది తెచ్చి, కుండకో చెంబు చొప్పున పోసుకుంటూ పోయింది.

ఎందుకని అడిగితే, అదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు చూసింది. "కాగబెట్టిన నీళ్ళంటే వండినట్టే గదప్పా. మడి కట్టుకున్నోళ్ళు మన ఇంట్లో వండింది తాగతారా? మొదట్లో ఎండకు వచ్చినోళ్ళు వచ్చినట్టే ఎనక్కి పోయినారు. చెంబెడు పచ్చినీళ్ళు కలిపితే మళ్ళా పచ్చివే."

"నాతో చెప్పలేదేమమ్మా?"

"నువ్వు అడిగితివా? కాగబెట్టమంటివి, కాగబెడితి."

పచ్చినీళ్ళు పోయవద్దని గట్టిగా చెప్పవచ్చు. అప్పుడు మడివాళ్ళు దాహంతో ఏ బావికి పోతారో నాకు తెలియదు. కుండలు పారబోయించాను. బావిలో నీళ్ళు కొలిచి, తగినంత బ్లీచింగ్ పౌడరు కలిపించి, అరగంట ఆగి గిన్నెడు నీళ్ళలో పరీక్ష మందు చుక్కలు వేశాను. పౌడరు చాలినంత మిగిలి ఉంటే నీళ్ళు నీలమవుతాయి. అయ్యాయి.

మునెమ్మ వంగి చూసింది. "గోవిందుడి రంగు," అంది.

అది నా చుక్కల రంగేనని, తాగే నీళ్ళలో ఉండదని చెప్పాను.

"నువ్వు మందు అను, నేను సామి అంటా. వాసన మాత్రం కొత్తగా సున్నం కొట్టిన ఇల్లే. ఇంక నా చెంబు పోసుకోవచ్చునా?"

పోసుకోమన్నాను. ఆ తర్వాత షెడ్డుకు వెళ్ళి, పిల్లల్ని ఇక తాగనిమ్మని మునుసామికి చెప్పాను.

ఆ మధ్యాహ్నం గౌరమ్మకు మూత్రం వచ్చింది. కలరా రోగిలో డాక్టర్లు ఎదురుచూసే గుర్తు అదే. కోలుకుని ఇంటికి వచ్చిన రోజు నీళ్ళు నోట్లో పోసుకుని ముఖం చిట్లించింది.

"ఆస్పత్రి వాసన తప్పిందనుకుంటి. ఇంట్లోనూ అదేనా అత్తా?"

"బతికొచ్చి వంక పెడతా ఉండావు గదా, అదే సాలు. తాగు," అంది మునెమ్మ.

ఆ ఇంట్లో ఇంకెవరికీ కలరా రాలేదు. బావికి రోజూ మందు పడింది, పందిరి వేసవి చివరిదాకా నడిచింది.

తర్వాత చాలా ఊళ్ళలో పనిచేశాను. నీళ్ళు కాచుకోమని చెప్పిన ప్రతి ఇంట్లోనూ ఇంకొక ప్రశ్న అడిగేవాణ్ణి: కాచిన తర్వాత ఏం చేస్తారు? జవాబు ఇంటికొక తీరుగా ఉండేది. మందు ఎక్కడ వేయాలో దాన్ని బట్టే తేల్చుకునేవాణ్ణి.