నాలుగు బకెట్ల దూరం

గుర్రపుశాలలో అందరూ ఆయన్ని మావయ్య అనే పిలుస్తారు. ఆయన కంటే పదేళ్లు పెద్దదైన యజమానురాలు కూడా నోరారా అలాగే అంటుంది. పందెపు గుర్రాలను విమానంలో దూరదేశాలకు చేర్చడం మావయ్య పని. మనలా సీట్లో కూర్చుని కునుకు తీసే ప్రయాణం కాదది. సరుకుల విమానంలో, గుర్రాన్ని పెట్టిన కొయ్య గది ముందు నిలబడి, దానితో కబుర్లు చెబుతూ వెళ్లాలి.

ఎంత దూరమని అత్తయ్య అడిగితే మైళ్లూ గంటలూ చెప్పడు. దారిలో గుర్రం తాగే బకెట్లే ఆయన లెక్క. ఈసారి ఊరు రెండు సముద్రాల అవతల, పన్నెండు గంటల ప్రయాణం. నాలుగు బకెట్లన్నాడు. శాల వెనకే వాళ్ల ఇల్లు. అత్తయ్య ఎప్పటిలాగే శాల కుళాయి నీళ్లు ఫ్లాస్కులో నింపి ఇచ్చింది. విమానంలో నీళ్లుండవా అని ఎప్పటిలాగే విసుక్కుని, భుజాన తగిలించుకున్నాడు.

గుర్రాలకు పెంకితనం జాస్తి. వాసన కొత్తగా ఉంటే మంచి నీళ్లనైనా ముట్టవు. అందుకే శాల నీళ్లు క్యాన్లలో పట్టుకెళతాడు. ఆ రోజు సామాను ఎక్కించేవాళ్లు, లోపల నీళ్లున్నాయి కదా, ఈ బరువెందుకని క్యాన్లను కిందే వదిలేశారు. సంగతి విమానం లేచాక గానీ తెలియలేదు.

ఆ గోధుమరంగు గుర్రానికి అదే మొదటి ప్రయాణం. విమానం నీళ్లు పెడితే మూతి తిప్పుకుంది. మళ్లీ పెడితే బకెట్టు తన్నేసింది. తాగకపోతే దానికి కడుపునొప్పి వస్తుంది. ఆ నొప్పికి కొయ్య గదిని తన్ని పగలగొట్టిందంటే విమానానికే ముప్పు. అలాంటప్పుడు ప్రాణం తీసే సూది, వెంట వచ్చే పశువుల డాక్టరమ్మ సంచిలో ఉంటుంది. సగం దారి గడిచేసరికి గుర్రం వణుకుతూ పొట్టకేసి చూసుకోవడం మొదలుపెట్టింది.

"ఇది మితిమీరితే నా చేతుల్లో ఏమీ ఉండదు మావయ్యా," అంది డాక్టరమ్మ.

మావయ్య తన చేత్తో పురుడు పోసిన గుర్రమది. నీళ్లు తాగుదామని ఫ్లాస్కు మూత తీశాడు. గుర్రం చెవులు నిక్కబొడుచుకుని అటు తిరిగింది.

ఆయన గుక్కెడు కూడా తాగలేదు. ఆ నీళ్లతో దాని ముక్కుపుటాలు తడిపాడు, బకెట్టు అంచంతా తడిపాడు, మిగిలినవి విమానం నీళ్లలో కలిపాడు. గుర్రం వాసన చూసింది, ఆగింది, మళ్లీ చూసింది. తర్వాత తలంతా బకెట్లో పెట్టి తాగింది. డాక్టరమ్మ ముఖం తిప్పుకుని కళ్లు తుడుచుకుంది. ఎంత మనిషి మా మావయ్య!

దిగాక ఇంటికి ఫోన్ చేశాడు. ఎంత దూరమైందని అత్తయ్య అడిగింది.

"నువ్వు నింపిచ్చిన ఫ్లాస్కంత," అన్నాడు.