ఇంకొక్క కట్ట కోసం పోయిన బస్సు

రాయికల్‌లో పొద్దున ఆరున్నరకు కోరుట్ల బస్సెక్కాను. సిరిసిల్లలో ఉన్న నా బిడ్డ సునీతను చూడాలి. మధ్యాహ్నం రెండు గంటలకు ఆమె భివండీ బస్సెక్కి పోతుంది. ఇక్కడ బట్ట నేసే సాంచలు బందయ్యాయని అల్లుడు పని కోసం ముందే అక్కడికి పోయాడు, ఇప్పుడు ఆమె వంతు. మళ్లీ ఎప్పుడొస్తుందో ఆమెకే తెలియదు.

ఈ సంగతి ముందురోజు సాయంత్రం ఫోన్లో చెప్పింది. నేను ఏమన్నా "ఆఁ? ఏందీ?" అంటుంది. ఎప్పుడూ అంతే. సిగ్నల్ లేదనుకునేదాన్ని. అప్పటికే నేను బీడీల ఆకు నానబెట్టి, కత్తిరించి పెట్టుకున్నాను. నానిన ఆకు ఆగదు. ఎండితే చిట్లుతుంది, మూటగట్టి ఉంచితే బూజు పడుతుంది. తెల్లారి సాయంత్రం ఆరింటికి కార్ఖానాలో బీడీలు అప్పజెప్పాలి. అందుకని ఆకును తడిగుడ్డలో చుట్టి, తంబాకు డబ్బా, దారం ఉండ, చాట అన్నీ సంచిలో వేసుకున్నాను. దారి పొడుగునా బీడీలు చేసి, బిడ్డ ఇంటికి చేరేసరికి చేతులు ఖాళీ చేసుకోవాలని నా ఆలోచన. ఉన్న టైము వృథా కావద్దు కదా అనుకున్నాను.

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. నేను చెబుతుంటే పక్కింటి టీచరమ్మ రాస్తున్నది. ఆ దారిన పోయేవాళ్లకు పనికొస్తుందని టైములు కూడా చెబుతున్నాను.

ఏడున్నరకు కోరుట్లలో దిగాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు, కార్డు మరవకండి. సిరిసిల్ల బస్సు ఎనిమిది ఇరవైకి. ఒక చాయ్ తాగి బెంచీ మీద కూర్చున్నాను.

ఈ స్టాండు నుంచే నా భర్త దుబాయి పోయాడు. ఆ రోజు ఇంట్లో చెప్పులు వేసుకుంటూ "స్టాండు దాకా రారాదూ" అన్నాడు. నా చాటలో ఇంకా మూడు వందల బీడీల ఆకు ఉంది. "మళ్ల అచ్చి పోయేటప్పుడు అస్త తియ్యి" అన్నాను. మళ్లీ వచ్చాడు, పెట్టెలో వచ్చాడు.

ఇంత అనుభవించినదాన్ని నేను. అయినా బెంచీ మీద కూర్చోగానే చేతులు చాట మీదికి పోయాయి.

ఇరవై ఐదు బీడీలైతే ఒక కట్ట. బస్సు వచ్చి ఆగేసరికి పందొమ్మిది అయ్యాయి. ఇంకా ఆరు. ఆరు బీడీలెంతసేపు, ఈ కట్ట ముడేసి ఎక్కుదామనుకున్నాను. ముడేసి తలెత్తితే బస్సు గేటు దాటుతోంది. సంచి పట్టుకుని ఉరికాను. దొరకలేదు.

స్టాండు ఊడుస్తున్న ఆమె చీపురు ఆపి చూసింది. "నీ ముంగటనే ఉండె గదనే అవ్వా! సిరిసిల్ల, సిరిసిల్ల అని కండక్టర్ గొంతు శించుకున్నడు. చెవుడా ఏంది నీకు?"

"ఇనలేదమ్మా."

"ఇంకేమింటవ్, తలకాయ చాటల వెట్టుకుంటివి!"

తర్వాతి బస్సు తొమ్మిది యాభైకి. గంటన్నర ఆ బెంచీ మీదే కూర్చున్నాను. బస్సు పోయినా చేతులు మాత్రం ఆగలేదు. ఇప్పుడు తలుచుకుంటే నాకే కోపమొస్తుంది.

ఆ రోజు సోమవారం. వేములవాడ రాజన్న గుడికి పోయేవాళ్లతో బస్సు కిక్కిరిసింది. తొందర ఉన్నవాళ్లు సోమవారం ఈ దారి పెట్టుకోవద్దు. కథలాపూర్‌లో కల్లు గీసే ఒక గౌడు తాత ఎక్కి నా పక్కన ఇరుక్కున్నాడు. తాటిచెట్లెక్కి ఎక్కి అరచేతుల నిండా కాయలు కాచి ఉన్నాయి.

"ఏందమ్మా, బస్సునే కార్ఖానా జేసినవ్?" అన్నాడు.

"చేతులు ఊకుంటలేవు తాతా. బిడ్డ దగ్గరికి పోయేసరికి ఈ ఆకంత ఒడగొట్టుకోవాలె."

"నేను చెట్టెక్కినా గీత వెట్టి, ఒక్కసారి సుట్టూ జూసి దిగుత. గా పైకెల్లి ఊరు మంచిగ కనవడ్తది. నువ్వు కిటికీ పక్కన కూసోని గూడ జూస్తలేవు. సీటన్న నాకియ్యి!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను, తలెత్తకుండానే.

వేములవాడలో జనం దిగేదాకా బస్సు కదల్లేదు. సిరిసిల్ల పన్నెండు యాభై. ఆటో పట్టుకుని గల్లీలోకి పోతే ఒంటి గంట దాటింది. అంతకుముందు ఆ గల్లీలో సాంచల చప్పుడుకు పక్కనున్న మనిషి మాట వినపడకపోయేది. ఇప్పుడు షెడ్లకు తాళాలు. గడప మీద సునీత కూర్చుని ఉంది, పక్కన రెండు బ్యాగులు.

"పదకొండింటికే అస్తనంటివి. అన్నం సల్లగైంది" అంది.

"బస్సు పోయిందే" అన్నాను, చెప్పులు విప్పుతూ.

"ఆఁ?"

"బస్సు పోయింది అంటున్న!"

ఇద్దరం వంకాయ కూరతో తిన్నాం. నాకు తిన్నట్టే లేదు. ఇంకా మూడు కట్టల ఆకు మిగిలింది. కళ్లు గడియారం మీద, మనసు ఆకు మీద. మాట్లాడుతూనే చేయొచ్చు కదా అని చాట ఒళ్లోకి లాక్కున్నాను. సామాను ఎవరింట్లో పెట్టావు, అక్కడ నీళ్లున్నాయా, గది ఎంతుంటుంది అని అడుగుతూ పోయాను. జవాబు లేదు. ఆలస్యమైందని అలిగిందనుకున్నాను. అంతలో చాట మీద ఆమె చెయ్యి పడింది.

"అమ్మా, మొకం పైకెత్తి మాట్లాడు. నువ్వు తల వంచుకుంటే నాకు సమజైతలేదు."

"ఏమైందే?"

"పదేండ్లు సాంచల నడుమ కూసోని నూలు కండెలు సుట్టిన గదా, చెవులు పోయినయ్. మనిషి పెదాలు జూస్తెనే మాట తెలుస్తది. ఫోన్ల సగం అందాజ మీదనే మాట్లాడుత."

"నాకెందుకు జెప్పలే?"

"రెండుసార్లు జెప్పిన." నవ్వింది. "నువ్వు బీడీలు జేస్తున్నవ్."

చాట పక్కన పెట్టాను. ఆకు మీద గుడ్డ కూడా కప్పలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుంటే వేళ్లు వాటంతటవే లేని ఆకును మలుస్తున్నాయి. ఆమెకు ఎదురుగా జరిగి, ముఖం ముఖం పెట్టి, అడిగినవన్నీ మళ్లీ మొదటి నుంచి అడిగాను. ఒక్కొక్కదానికి జవాబు చెప్పింది. పాపిట్లో రెండు తెల్లవెంట్రుకలున్నాయి. ఎప్పుడొచ్చాయో!

"గట్ల జూస్తున్నవేందే?"

"జూస్తున్న. అంతే."

తర్వాత ఆమే అడిగింది. "నాయిన పోయేటప్పుడు నీతోని ఏమన్నడు?"

ఆ మాట ఎవరికీ చెప్పలేదు నేను. "స్టాండు దాకా రారాదూ అన్నడు. నేను పోలే."

ఆమె నా పెదాలే చూస్తోంది. మొత్తం అర్థమైంది. లేచి బ్యాగు భుజానికేసుకుని, "ఇయ్యాల రా మరి" అంది.

పోయాను. భివండీ బస్సు రెండూ పదికి కదిలింది. కిటికీ అద్దం దిగలేదు. బయట హారన్లు, కేకలు. నేను గొంతు పెంచలేదు. "చేరినంక ఫోన్ జెయ్" అని పెదాలతో మెల్లగా అన్నాను. లోపలి నుంచి తలూపింది.

తిరిగి వచ్చేటప్పుడు కోరుట్ల దారి పట్టలేదు. వేములవాడ మీదుగా జగిత్యాల, అక్కడ రాయికల్ బస్సు. సోమవారం రద్దీకి జగిత్యాలలోనే ఆరు దాటింది, కార్ఖానా మూసేస్తారు. సంచిలో ఆకు ఎండి గలగలమంటోంది. పొద్దున ఆరున్నర నుంచి తిరిగితే నా బిడ్డ నా ఎదుట ఉన్నది ఒక్క గంట, అందులో నేను నిజంగా ఉన్నది ఇంకా తక్కువ. ఆ కాస్తే నాతో వచ్చింది.

రాయికల్ బస్సులో పక్కన ఒకామె కూర్చుంది. "యాడికెల్లి అస్తున్నవ్ అక్కా?" అని అడిగింది. ఆమె చెవులు బాగానే ఉన్నట్టున్నాయి. అయినా ఆమె వైపు తిరిగి, ముఖమెత్తి చెప్పాను.

"సిరిసిల్లకెల్లి చెల్లె. నా బిడ్డను బస్సెక్కించి అస్తున్న."